పందుల ప్రేగు కరోనా వైరస్‌లు – విటమిన్ ఏ

పందుల ప్రేగు కరోనా వైరస్‌లు అనేవి పందుల చిన్నప్రేగులో పెరిగి, ముఖ్యముగా పుట్టిన వారం లోపు పిల్లలకు ప్రాణాంతకమైన పారుడు కలిగించే వైరస్‌లు. వీటిని నేరుగా చంపే మందు ఏదీ రైతుల వాడుకలో లేదు. చూడిపందికి విటమిన్ ఏ తగినంతగా అందించి, దాని పాల ద్వారా పిల్లలకు రక్షణ పెంచే పద్ధతిపై అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిగినవి. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, కృష్ణా డెల్టా దిగువ భాగమైన మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో తవుడు మేతపై పెరిగే పందుల విషయంలో దానికి గల ప్రాధాన్యం ఏమిటి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

వ్యాధి లక్షణాలు

చిన్నప్రేగు లోపలి గోడపై వేలాదిగా వెంట్రుకల వంటి ఆంత్రచూషకాలు ఉంటాయి. తిన్న ఆహారం రక్తంలోకి చేరేది వీటి ద్వారానే. ప్రేగు కరోనా వైరస్‌లు ఈ ఆంత్రచూషకాలను కప్పి ఉండే కణాలలో ప్రవేశించి వాటిని నాశనం చేస్తాయి. ఆంత్రచూషకాలు పొట్టివై, కొన్నిచోట్ల దాదాపుగా చదునై పోతాయి. అప్పుడు పిల్ల త్రాగిన పాలు జీర్ణం కావు. జీర్ణం కాని పాలలోని చక్కెర నీటిని ప్రేగులోకి లాగుతుంది. వాంతులు, నీళ్ళ వంటి పసుపు పచ్చని విరేచనాలు మొదలై, రెండు మూడు రోజులలో పిల్ల ఒంటిలోని నీరు, లవణాలు తరిగిపోయి చనిపోతుంది. అంటే పిల్లను చంపేది చాలావరకు దాహమే.

వయసును బట్టి ఈ వ్యాధి తీవ్రత మారడానికి ఒక కారణం ఉన్నది. పెద్ద పందిలో ప్రేగు కణాలు త్వరత్వరగా కొత్తవి పుట్టి పాతవాటి స్థానాన్ని ఆక్రమిస్తాయి. అప్పుడే పుట్టిన పిల్లలో ఈ మార్పు నెమ్మదిగా జరుగుతుంది. అందువలన పెద్ద పంది నాలుగు రోజులు మేత మాని తేరుకుంటుంది. అదే దొడ్డిలోని వారం లోపు పిల్లలు, తల్లికి ముందుగా ఆ వైరస్‌తో పరిచయం లేకపోతే, నూటికి నూరు కూడా పోవచ్చును.

వైరస్‌ల చరిత్ర

ఈ వర్గంలో మొదట గుర్తించబడినది సంక్రామక జఠరాంత్ర శోథ వైరస్. దీనిని 1946లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన డోయిల్, హచింగ్స్ అను శాస్త్రజ్ఞులు వర్ణించారు. అప్పటికి "కరోనా వైరస్" అన్న పేరే లేదు. ఆ పేరు 1968లో వచ్చింది. 1971లో ఇంగ్లండులో ఇదే లక్షణాలున్న మరొక వ్యాధి కనిపించింది. దానికి కారణమైన వైరస్‌ను 1978లో బెల్జియంలో వేరుచేశారు. దీనిని సాంక్రామిక విరేచనాల వైరస్ లేదా పొట్టిగా పి.ఇ.డి. వైరస్ అంటారు. చాలాకాలం దీనిని అంతగా పట్టించుకోలేదు. 2010లో చైనాలో ఇది ఉగ్రరూపంలో బయటపడినది. 2013లో అమెరికాలో ప్రవేశించి ఏడాది కాలంలో సుమారు 70 లక్షల పంది పిల్లలను బలిగొన్నట్లు అంచనా వేశారు. 2012లో హాంగ్‌కాంగ్ పరిశోధకులు డెల్టా కరోనా వైరస్‌ను గుర్తించారు. 2016 చివరలో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో గబ్బిలాల నుండి వచ్చిన మరొక కరోనా వైరస్ నాలుగు ఫారాలలో దాదాపు 25 వేల పిల్లలను చంపినది.

వీటిలో డెల్టా కరోనా వైరస్ మాత్రం పందులకే పరిమితం కాలేదు. 2014, 2015 సంవత్సరాలలో హైతీ దేశంలో జ్వరంతో బాధపడిన ముగ్గురు పిల్లలలో ఇది ఉన్నట్లు 2021లో వెల్లడైనది. పందుల ప్రేగు జబ్బును వైద్యులు కూడా గమనిస్తూ ఉండడానికి ఇది ఒక కారణం. మిగిలినవి మనుషులకు సోకిన దాఖలాలు లేవు.

పాఠకులు తరచుగా పొరబడే విషయం ఒకటి. 2020లో అస్సాంలో మొదలై మన దేశంలోని పలు రాష్ట్రాలకు వ్యాపించిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కరోనా వైరస్ వలన వచ్చేది కాదు. అది వేరే కుటుంబానికి చెందిన వైరస్. అన్ని వయసుల పందులను చంపుతుంది. ఈ వ్యాసంలో చెప్పిన విటమిన్ పద్ధతికి దానితో సంబంధం లేదు.

ముర్రుపాల రక్షణ

మానవ శిశువు తల్లి కడుపులో ఉండగానే మావి ద్వారా కొంత రోగనిరోధక శక్తిని పొందుతుంది. పందులలో, పశువులలో అలా జరగదు. వాటి మావి నిర్మాణం తల్లి రక్తంలోని ప్రతిరక్షకాలను పిల్లకు చేరనివ్వదు. అందుచేత పంది పిల్ల ఏ రక్షణా లేకుండా పుడుతుంది. పుట్టిన తరువాత మొదటి రోజున త్రాగే ముర్రుపాలే దానికి మొదటి రక్షణ. కృష్ణా జిల్లాలో గేదె ఈనిన ఇంటివారు ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచడం అందరికీ తెలిసినదే. ఆ పాలు కాచగానే గడ్డకట్టడానికి కారణం అందులో మామూలు పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండే మాంసకృత్తులు. వాటిలో పెద్ద భాగం ప్రతిరక్షకాలే. జున్ను మనకు తీపి వంటకం, దూడకు మాత్రం అదే టీకా.

ముర్రుపాలలో ఎక్కువగా ఉండేది ఐజీజీ అనే ప్రతిరక్షకం. పిల్ల పుట్టిన ఒకటి ఒకటిన్నర రోజుల వరకే దాని ప్రేగు ఈ పెద్ద అణువులను రక్తంలోకి పీల్చుకోగలదు. ఆ తరువాత ఆ దారి మూసుకుపోతుంది. రక్తంలో చేరిన ఐజీజీ శరీరం లోపలి రోగాలను ఎదుర్కొంటుంది. కానీ ప్రేగు కరోనా వైరస్ రక్తంలో తిరిగేది కాదు, ప్రేగు గోడ మీదనే ఉంటుంది. అక్కడ కావలి కాయవలసినది ఐజీఏ అనే మరొక ప్రతిరక్షకం. పందిపాలలో మొదటి కొద్ది రోజులలోనే ఐజీజీ తగ్గి ఐజీఏ పైచేయి అవుతుంది. పిల్ల గంట గంటకూ పాలు త్రాగుతూ ఉన్నంతకాలం దాని ప్రేగు గోడకు ఐజీఏ పూత పూసినట్లు ఉంటుంది. పాలు మానితే ఆ పూత ఉండదు.

ఈ ఐజీఏ పాలలోకి ఎక్కడి నుండి వస్తుంది అన్న ప్రశ్నకు 1970ల ఆరంభంలో ఒహాయోలోని వూస్టర్ పరిశోధనా కేంద్రంలో ఎడ్వర్డ్ బోల్, ఆయన శిష్యురాలు లిండా సైఫ్ సమాధానం కనుగొన్నారు. చూడిపందికి వైరస్ సూదిమందుగా ఇస్తే పాలలో ఐజీజీ పెరిగినది గాని పిల్లలు దక్కలేదు. అదే వైరస్ నోటి ద్వారా వెళ్ళి తల్లి ప్రేగుకు సోకితే పాలలో ఐజీఏ పెరిగి, పిల్లలు దక్కాయి. తల్లి ప్రేగులో తర్ఫీదు పొందిన బి-కణాలు రక్తం ద్వారా ప్రయాణించి క్షీరగ్రంథులలో స్థిరపడి, అక్కడ ఐజీఏ తయారు చేస్తాయన్నమాట. తల్లి ప్రేగు చూసిన శత్రువును తల్లి పాలు గుర్తుపడతాయి. ఈ మార్గానికి ప్రేగు–క్షీరగ్రంథి–ఐజీఏ అక్షం అని పేరు పెట్టారు. తల్లిపాల ప్రాశస్త్యం గురించి నేడు మానవ వైద్యంలో చెప్పుకొనే విషయాలలో కొంత భాగం ఇలా పందుల దొడ్డి నుండి వచ్చినదే.

విటమిన్ ఏ పాత్ర

విటమిన్ ఏ అంటే సామాన్యంగా కంటి చూపు, రేచీకటి గుర్తుకు వస్తాయి. అయితే 1928లోనే గ్రీన్, మెలన్‌బీ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు దీనిని అంటువ్యాధులను ఎదిరించే విటమిన్‌గా పేర్కొన్నారు. అది ఎలా ఎదిరిస్తుందో తెలియడానికి మరో డెబ్బయి అయిదు సంవత్సరాలు పట్టింది.

తిన్న విటమిన్ ఏ కాలేయంలో నిలువ ఉంటుంది. అవసరాన్ని బట్టి శరీరం దానిని రెటినోయిక్ ఆమ్లంగా మారుస్తుంది. ప్రేగు గోడలోని కొన్ని కణాలకు ఈ మార్పు చేసే శక్తి ఉన్నది. 2004లో జపానుకు చెందిన మకోటొ ఇవాటా బృందం ఒక ముఖ్య విషయం కనుగొన్నది. ప్రేగు దగ్గర తర్ఫీదు పొందే తెల్ల రక్తకణాలకు రెటినోయిక్ ఆమ్లం ఒక చిరునామా చీటీ వంటి గుర్తును అంటిస్తుంది. ఆ గుర్తు ఉన్న కణం రక్తంలో తిరిగి తిరిగి మళ్ళీ ప్రేగుకే చేరుతుంది. రెటినోయిక్ ఆమ్లం లేకపోతే గుర్తు లేదు, గుర్తు లేని కణం దారి తప్పుతుంది. 2006లో మరొక బృందం బి-కణాల విషయంలోనూ ఇదే నిరూపించి, అవి ఐజీఏ తయారు చేయడానికి కూడా రెటినోయిక్ ఆమ్లం తోడ్పడుతుందని చూపినది.

కాబట్టి విటమిన్ ఏ వైరస్‌ను చంపదు. తర్ఫీదు పొందిన కణాలను చేరవలసిన చోటికి చేర్చుతుంది. ఈ తేడా తెలియకపోవడం వలననే "విటమిన్ ఇస్తే పారుడు కడుతుంది" అన్న పొరపాటు ప్రచారం జరుగుతున్నది.

ఒహాయో ప్రయోగం

ఒహాయో బృందం మొదట లోపం వైపు నుండి పరిశీలించినది. విటమిన్ ఏ లోపంతో పుట్టిన పిల్లలలో రోటా వైరస్ జబ్బు తీవ్రంగా ఉంటుందనీ, టీకా కూడా సరిగా పట్టదనీ అనస్తాసియా వ్లాసోవా, లిండా సైఫ్ తదితరులు 2013 ప్రాంతంలో చూపారు. ఆ తరువాత స్టెఫనీ లాంజెల్, తదితరులతో కలిసి ఈ ప్రశ్ననే ప్రేగు కరోనా వైరస్‌కు మళ్ళించారు. ఫలితాలు 2019లో వెలువడినవి.

పంది గర్భకాలం సుమారు 114 రోజులు. మూడు నెలల మూడు వారాల మూడు రోజులని రైతులు గుర్తు పెట్టుకొంటారు. తొలిచూలు పందులను నాలుగు జట్లుగా చేశారు. రెండు జట్లకు ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు పి.ఇ.డి. వైరస్‌ను నోటి ద్వారా ఇచ్చారు. వాటిలో ఒక జట్టుకు గర్భం 76వ రోజు నుండి ప్రతిరోజూ 30,000 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్ ఏ ను రెటినైల్ ఎసిటేట్ రూపంలో ఇచ్చారు. మూడవ జట్టుకు వైరస్ లేకుండా విటమిన్ మాత్రమే. నాలుగవ జట్టుకు ఏదీ లేదు. ఈనిన తరువాత మూడు నుండి ఐదు రోజుల వయసులో పిల్లలన్నింటికీ వైరస్ ఇచ్చారు.

వైరస్, విటమిన్ రెండూ పొందిన తల్లుల పిల్లలలో సుమారు నాల్గింట మూడు వంతులు బ్రతికాయి. వైరస్ మాత్రమే చూసిన తల్లుల పిల్లలలో సగానికి కొంచెం పైగా బ్రతికాయి. విటమిన్ మాత్రమే పొందిన జట్టులో దాదాపు అన్ని పిల్లలూ చనిపోయాయి, ఏదీ పొందని జట్టులో వలెనే. రెండూ పొందిన తల్లుల రక్తంలో ఐజీఏ, పాలలో ఐజీఏ కణాలు అధికంగా కనిపించినవి.

ఈ ఫలితాలలో అన్నిటికంటే గమనించవలసినది మూడవ జట్టు. తల్లి ప్రేగుకు ఆ వైరస్‌తో ముందు పరిచయం లేనిదే విటమిన్ ఎంత పోసినా పిల్లలకు ఉపయోగం లేదు. తర్ఫీదు పొందిన కణమే లేనప్పుడు చిరునామా చీటీ ఎవరికి ఇస్తారు? ప్రయోగంలోని తల్లిపందుల సంఖ్య కొద్దియే అన్న విషయాన్ని కూడా మరువరాదు. నాల్గింట మూడు వంతులన్న లెక్కను అన్ని దొడ్లకూ వర్తించే హామీగా చెప్పకూడదు.

తల్లికి ఆ పరిచయం కలిగించడానికి టీకాలు కొన్ని దేశాలలో ఉన్నాయి. 2013లో అమెరికా రైతులు చనిపోయిన పిల్లల ప్రేగులను నూరి చూడిపందుల మేతలో కలిపారు. వినడానికి జుగుప్స కలిగించే ఈ పద్ధతి కొంతవరకు పనిచేసినా, దానితో పాటు ఇతర రోగాలు కూడా దొడ్డి అంతటా పాకే ప్రమాదం ఉన్నది. పశువైద్యుని అదుపు లేకుండా దీనిని అనుకరించరాదు.

కృష్ణా డెల్టా మేతలో విటమిన్ ఏ

2019 పశుగణన ప్రకారం దేశంలో పందుల సంఖ్య సుమారు 90.6 లక్షలు. వీటిలో పెద్ద భాగం ఈశాన్య రాష్ట్రాలలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పందుల పెంపకం ఎరుకల వంటి కులాల సంప్రదాయ వృత్తులలో ఒకటిగా, కొద్ది కుటుంబాల జీవనాధారంగా ఉన్నది. తిరుపతి పశువైద్య కళాశాలలో అఖిల భారత పందుల పరిశోధన పథకం కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తున్నది. కృష్ణా జిల్లాలోని గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. ఇవి రెండూ 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోనివి.

డెల్టాలో వరి ప్రధాన పంట. గుడివాడ చుట్టుప్రక్కల ధాన్యం మరలలో బియ్యంతో పాటు తవుడు, నూకలు, ఊక వస్తాయి. పందికి ఇంటి మిగుళ్ళతో పాటు పెట్టేది ముఖ్యముగా ఈ తవుడూ నూకలే. ఇక్కడ విటమిన్ల చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి భాగంలో దేశం మొత్తంలో బెరిబెరి వ్యాధికి పేరుపడినది ఉత్తర సర్కారుల తీరమే. 1924లో మెకారిసన్, నోరిస్ అనువారు దీనిపై ప్రత్యేక గ్రంథమే ప్రచురించారు. మరబట్టిన తెల్లబియ్యంలో విటమిన్ బి1 పోవడం దానికి కారణం. ఆ బి1 అంతా తవుడులోకి, తవుడు పశువుల తొట్టిలోకి పోయినది. మనిషికి బి1 లేకపోయింది గాని పందికి మాత్రం అది పుష్కలంగా అందినది. అయితే తవుడులో విటమిన్ ఏ లేదు. నూకలలోనూ లేదు. బియ్యపు గింజలో ఏ భాగంలోనూ చెప్పుకోదగినంత లేదు. తెల్లబియ్యం వలన మనిషికి ఏర్పడిన లోపాన్ని తీర్చిన తవుడు, పందికి వచ్చే లోపాన్ని మాత్రం తీర్చలేదు.

దీనికి తోడు నిలువ తవుడుతో మరొక చిక్కు ఉన్నది. తవుడులో నూనె ఉంటుంది. బియ్యం ఆడిన గంటల నుండే తవుడులోని ఒక ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలు పెడుతుంది. బందరు, అవనిగడ్డ, నాగాయలంక వంటి తీర ప్రాంతాల ఉక్కకు, తేమకు తవుడు త్వరగా ముక్కిపోతుంది. ముక్కిన తవుడులోని చెడిన నూనె, మేతలో కలిపిన విటమిన్ ఏ ను, ఈ ను కూడా పాడుచేస్తుంది. కొన్న విటమిన్ పొడిని పాత తవుడులో కలిపి నెలల తరబడి బస్తాలో ఉంచితే పందికి చేరేది స్వల్పమే. నూనె తీసిన తవుడులో ఈ బాధ తక్కువ.

తవుడు మీదనే ఆధారపడిన పందికి విటమిన్ ఏ దొరికే చౌకదారి పచ్చిమేత. ఆకుకూరలలో బీటా కెరోటిన్ ఉంటుంది; దానిని పంది శరీరం విటమిన్ ఏ గా మార్చుకొంటుంది. అయితే పంది ఈ పనిలో అంత సమర్థురాలు కాదు. ఒక మిల్లీగ్రాము బీటా కెరోటిన్ నుండి పందికి మహా అయితే 267 యూనిట్ల విటమిన్ ఏ లభిస్తుందని లెక్క. చూడిపంది మేతలో కిలోకు 4,000 యూనిట్లు ఉండాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి సూచన. రోజుకు రెండు కిలోల మేత తినే పందికి 8,000 యూనిట్లు కావాలి. అంటే సుమారు 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్. తోటకూర వంటి పచ్చని ఆకులో 100 గ్రాములకు మూడు నుండి ఆరు మిల్లీగ్రాముల వరకు ఉంటుంది కనుక, రోజుకు అరకిలో నుండి కిలో పచ్చి ఆకు పెడితే కనీసావసరం తీరుతుంది.

ఈ మాత్రం ఆకు దివిసీమలో గాని, బందరు కాలువ గట్లపైన గాని దొరకడం కష్టం కాదు. అవిశ, మునగ, తోటకూర, కాలువల్లో పెరిగే తూటికూర ఇందుకు పనికివస్తాయి. తూటికూరను ఆగ్నేయాసియా దేశాలలో పందుల మేతగా విస్తారంగా వాడుతున్నారు. దానిని పోలిన పూలతో గట్ల మీద పొదలుగా పెరిగే లొట్టపీచు మాత్రం విషపూరితం. రెండింటినీ వేరుగా గుర్తించి కోయాలి. గుర్రపుడెక్కను కూడా కొన్ని దేశాలలో ఉడికించి పందులకు పెడతారు. కాని అందులో నీరే ఎక్కువ, పైగా మురుగునీటిలో పెరిగినది అయితే ఆ మురికిలోని లోహాలను పీల్చుకొని ఉంటుంది.

ఒహాయో ప్రయోగంలోని 30,000 యూనిట్లను ఆకుతోనే ఇవ్వవచ్చునా అంటే అది సాధ్యం కాదనే చెప్పాలి. లెక్క ప్రకారం సుమారు రెండు నుండి నాలుగు కిలోల ఆకు కావాలి. పందికి ఆవు వలె నెమరువేసే పొట్ట లేదు. అంత ఆకు తింటే తవుడుకు చోటు ఉండదు. పైగా కెరోటిన్ ఎక్కువైన కొద్దీ శరీరం మార్చుకొనే పాలు తగ్గుతుంది. కాబట్టి ఆకుతో లోపాన్ని నివారించవచ్చును గాని ప్రయోగశాల మోతాదును అందుకోలేము. ఇక్కడి చిన్న రైతుకు మొదటిదే ముఖ్యం. లోపంతో ఉన్న తల్లికి టీకా వేసినా, సహజంగా వైరస్ సోకి తగ్గినా, ఆ అనుభవం పాలలోకి సరిగా చేరదు.

లోపం ఎంతవరకు పోగలదో చెప్పడానికి 1933 నాటి ఒక ఉదంతం ప్రసిద్ధమైనది. అమెరికాలోని టెక్సస్‌లో ఫ్రెడ్ హేల్ అను శాస్త్రజ్ఞుడు విటమిన్ ఏ లేని మేతపై ఒక తొలిచూలు పందిని పెంచాడు. అది ఈనిన 11 పిల్లలలో ఒక్కదానికీ కనుగ్రుడ్లు లేవు. తల్లి మేతలోని లోపం వలన పుట్టుకతో అంగవైకల్యం వస్తుందని చూపిన తొలి ప్రయోగాలలో ఇది ఒకటి.

మోతాదు – హైదరాబాదు అనుభవం

విటమిన్ ఏ కాలేయంలో నిలువ ఉంటుంది కనుక అప్పుడప్పుడు పెద్ద మోతాదు ఇస్తే చాలునా, లేక రోజూ కొద్దికొద్దిగా అందాలా? ఈ ప్రశ్నకు మానవ పోషకాహార రంగంలో తెలుగు గడ్డపై జరిగిన పరిశోధన ఒకటి వెలుగు చూపుతుంది. మెకారిసన్ కూనూరులో స్థాపించిన ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది. 1970 నుండి దేశంలో చిన్నపిల్లలకు ఆరు నెలలకు ఒకసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఏ ఇచ్చే పథకం అమలులోకి వచ్చింది. ఇది అంధత్వ నివారణకు ఉద్దేశించినది. ఈ మోతాదు పిల్లల మరణాలను కూడా తగ్గిస్తుందా అని ఈ సంస్థకు చెందిన విజయరాఘవన్ బృందం హైదరాబాదు పరిసర గ్రామాలలో సుమారు 15 వేల మంది పిల్లలపై పరిశీలించినది. 1990లో ప్రకటించిన ఫలితాలలో మరణాలలో తేడా కనిపించలేదు. అదే సంవత్సరం తమిళనాడులోని తిరుచిరాపల్లి జిల్లాలో రహమతుల్లా తదితరులు వారం వారం 8,333 యూనిట్లు మాత్రమే ఇచ్చి, మరణాలు సగానికి పైగా తగ్గాయని ప్రకటించారు.

ఈ రెండు అధ్యయనాల మధ్య తేడాకు మోతాదు ఒక్కటే కారణమని చెప్పలేము. ఇంటింటికీ వారం వారం వెళ్ళే కార్యకర్తల పర్యవేక్షణ కూడా పనిచేసి ఉండవచ్చును. అయినా ఒకేసారి పోసే పెద్ద మోతాదు అన్నిచోట్లా అద్భుతాలు చేయదన్నది స్పష్టం. ఒహాయోలో కూడా ఇచ్చినది రోజువారీ మోతాదే.

ఎక్కువ అయినా ముప్పే. కాలేయంలో పేరుకున్న విటమిన్ ఏ బయటికి పోయే దారి తక్కువ. కీళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. గర్భంలోని పిల్లలకు వైకల్యం కలుగుతుంది. చూడిపందుల మేతలో కిలోకు 40,000 యూనిట్లు, ఎదిగే పందుల మేతలో 20,000 యూనిట్లు మించరాదని నిర్ణయించారు. ఆకులోని కెరోటిన్‌తో ఈ ప్రమాదం లేదు. శరీరం తనకు కావలసినంతే మార్చుకొంటుంది. పశువులకు అమ్మే విటమిన్ ద్రావణాలు చాలా గాఢమైనవి. వీటిని మనుషులు, ముఖ్యముగా గర్భిణీ స్త్రీలు ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

ఇతర విటమిన్లు

విటమిన్ డి యొక్క ఒక రూపమైన 25-హైడ్రాక్సీ విటమిన్ డి3 ని పాలు మాన్పించిన పిల్లల మేతలో కలిపి, పి.ఇ.డి. వైరస్ వలన ప్రేగుకు కలిగే నష్టం తగ్గినట్లు 2019లో చైనా పరిశోధకులు ప్రకటించారు. కానీ ప్రాణాలు పోయేది పాలు మానిన పిల్లలవి కాదు, వారం లోపు వాటివి. విటమిన్ సి ని పందులు తమ శరీరంలోనే తయారు చేసుకొంటాయి.

పారుడు మొదలైనప్పుడు

పంది పిల్లలలో పారుడు అంతా కరోనా వైరస్ వలననే కాదు. ఇ. కోలై సూక్ష్మజీవి, రోటా వైరస్, కాక్సిడియా అను పరాన్నజీవులు కూడా కారణం కావచ్చును. కంటితో చూసి వీటిని వేరుచేయడం కష్టం. పేడ నమూనాను ప్రయోగశాలకు పంపాలి. కొన్ని ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి. పెద్ద పందులు, పిల్లలు అన్నీ ఒకటి రెండు రోజుల తేడాతో వాంతులు, విరేచనాలకు లోనైతే వైరస్‌ను అనుమానించాలి. ఒక్క ఈతలోని పిల్లలకే పరిమితమైతే ఇ. కోలై కావచ్చును.

వ్యాధి మొదలైన తరువాత విటమిన్ ఏ వలన ప్రయోజనం లేదు, దాని కాలం గర్భంలోనే గడిచిపోయినది. అప్పుడు చేయవలసినది నీరు, ఉప్పు, గ్లూకోజు అందించడం, పిల్లలను వెచ్చగా ఉంచడం. తల్లి పాలు ఆపరాదు. విరేచనాలని పాలు మాన్పించడం కొందరి అలవాటు. అలా చేస్తే ఐజీఏ పూత కూడా పోతుంది. కరోనా వైరస్‌లకు క్రొవ్వు పొర ఉంటుంది కనుక సబ్బు, బ్లీచింగు పొడి, తడిసున్నం వాటిని చంపుతాయి. అయితే పేడ కడిగిన తరువాతనే వీటిని చల్లాలి. పేడ కింద వైరస్ క్షేమంగా ఉంటుంది. చనిపోయిన పిల్లలను కాలువలో వేయడం డెల్టాలో అన్నిటికంటే ప్రమాదకరం. ఒకే కాలువ నీరు ఊరి తరువాత ఊరు దాటుతూ పోతుంది, దిగువ ఊళ్ళలోని పందులు ఆ నీటిలోనే పొర్లుతాయి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. దివిసీమలో నీటిమట్టం పైకే ఉంటుంది కనుక మెరక స్థలం చూసుకోవాలి.